నాలుకలాంటి ఆకు: గ్లాసాప్టెరిస్

బసంత్‌నగర్‌కు సిమెంటు వల్లను, పొరుగున ఉన్న గోదావరిఖనికి బొగ్గు వల్లను పేరు వచ్చింది. గోదావరి లోయలో బొగ్గు పొరల వెంట ఉండే షేల్‌ను, అంటే గట్టిపడి రాయిగా మారిన బురదను, పలకలుగా చీల్చితే ఒక్కొక్కచోట ఆకు ముద్రలు కనిపిస్తాయి. వాటిలో ముఖ్యమైనది గ్లాసాప్టెరిస్. నోరు తిరగని ఈ పేరును విడదీసి చూద్దాం.

గ్రీకు భాషలో ‘గ్లాసా’ అంటే నాలుక. ‘ప్టెరిస్’ అంటే ఫెర్న్ మొక్క. ఫెర్న్ ఆకు పక్షి ఈకను పోలి ఉంటుంది. రెక్క, ఈక అనే అర్థాలు గల ‘ప్టెరాన్’కు ఈ మాట దగ్గరి చుట్టం. హెలికాప్టర్ చివర వినిపించేది ఆ ప్టెరానే. మన పాఠాలలోని టెరిడోఫైటా కూడా ఈ కుటుంబానిదే. అక్కడ మొదటి ‘ప’కారాన్ని పలకము. కాబట్టి గ్లాసాప్టెరిస్ అంటే ‘నాలుక వంటి ఫెర్న్’.

1828లో ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ బ్రోన్యార్ ఈ పేరు పెట్టాడు. భారతదేశం నుంచి, ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఆకు ముద్రలే అతనికి ఆధారం. నడిమి ఈనె, దానికి ఇరుపక్కల వలలా అల్లుకొన్న సన్నని ఈనెలు చూచి ఫెర్న్ అనుకొన్నాడు. నాలుక అన్నమాట సరిపోయింది. ఫెర్న్ అన్నమాట సరిపోలేదు. ఫెర్న్‌లకు విత్తనాలు ఉండవు. ధూళి వంటి సిద్ధబీజాలతో అవి వ్యాపిస్తాయి. 1952లో దక్షిణాఫ్రికాలో ఎడ్నా ప్లమ్‌స్టెడ్ ఈ ఆకులకే అంటి ఉన్న ప్రత్యుత్పత్తి భాగాలను వర్ణించింది. తరువాతి పరిశోధనలతో ఇది విత్తనాలు గల వివృతబీజ వృక్షమని స్థిరపడింది.

అయినా పేరు మారలేదు. అర్థం తప్పినంత మాత్రాన పేరు తీసివేయరాదని వృక్షనామకరణ నియమం. చిన్నోడని పిలిపించుకొన్నవాడు తాత అయినా ఇంట్లో చిన్నోడే కదా!

ఇంతకూ ఫెర్న్ అయితేనేమి, విత్తన వృక్షమైతేనేమి? భేదం ఉన్నది. ఈ ఆకు శిలాజాలు దక్షిణ అమెరికా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికాలలో కూడా దొరికాయి. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగి వస్తూ మరణించిన స్కాట్ బృందం చివరిదాకా విడవకుండా లాక్కొని వచ్చిన సుమారు 16 కిలోల రాళ్ళలో ఇదీ ఉన్నది. సిద్ధబీజాలైతే గాలికి దూరతీరాలు చేరాయనుకోవచ్చు. విత్తనాలు మహాసముద్రాలు దాటడం అంత సులభం కాదు. సుమారు 25–30 కోట్ల సంవత్సరాల కిందట ఈ భూములన్నీ కలిసి ఉండేవనడానికి ఇదొక బలమైన సాక్ష్యం. ఆ మహాఖండానికి గోండ్వానా అనే పేరు మన గోండుల నుంచే వచ్చింది.

పదమూలం తెలిస్తే పేరు గుర్తుంటుంది. కాని పేరులో ఫెర్న్ ఉన్నదని పరీక్షలో ఫెర్న్ అని వ్రాయకండి. ఆ మొక్క ఏదో తేల్చవలసింది పేరు కాదు, రాయి.