ఆన్‌లైన్ చదువుకు కొలబద్ద ఏది?

ఉన్నత విద్యలో ఆన్‌లైన్ బోధన ఎంతవరకు ఫలిస్తున్నదో తేల్చవలసి వచ్చినప్పుడు సాధారణంగా ముందుకు తెచ్చేవి చేరినవారి సంఖ్య, పూర్తిచేసినవారి శాతం. ఈ రెండూ తేలికగా దొరికే అంకెలే గాని, చదువు ఎంత ఒంటబట్టిందో చెప్పగలిగినవి కావు. 2011లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం తరఫున సెబాస్టియన్ థ్రన్, పీటర్ నార్విగ్ కృత్రిమ మేధపై ఉచితంగా నడిపిన కోర్సులో సుమారు 1,60,000 మంది చేరితే, చివరిదాకా నిలిచినవారు దాదాపు 23,000 మంది. ఉచితంగా తలుపు తెరిచినచోట తొంగిచూసి వెళ్లేవారు కూడా చేరినవారి లెక్కలోనే పడతారు కనుక దీనిని వైఫల్యమనడం తొందరపాటే. అయితే 2013లో శాన్ హోసే స్టేట్ విశ్వవిద్యాలయం ఉడాసిటీ అనే ఆన్‌లైన్ కోర్సుల సంస్థతో కలిసి ఇదే తరహా బోధనను క్రెడిట్లిచ్చే కోర్సులకు వర్తింపజేసినప్పుడు, అందులో గణితంలో వెనుకబడిన విద్యార్థులు కూడా ఉండగా, ఉత్తీర్ణత బాగా తగ్గి ఆ ప్రయోగాన్ని అదే ఏడాది ఆపవలసి వచ్చింది.

అనేక అధ్యయనాల ఫలితాలను ఒకచోట చేర్చి గణాంకరీత్యా తూచడాన్ని మెటా-విశ్లేషణ అంటారు. అమెరికా విద్యాశాఖ 2010లో వెలువరించిన అటువంటి విశ్లేషణలో, ఆన్‌లైన్ పాఠాలకు ముఖాముఖి తరగతులను జోడించిన మిశ్రమ బోధన కాస్త మెరుగైన ఫలితాలనిచ్చినట్లు తేలింది. కాని ఆ విద్యార్థులకు అదనపు సమయం, అదనపు పాఠ్యసామగ్రి కూడా దక్కాయనీ, అందువల్ల ఆ ఘనతను మాధ్యమానికే కట్టబెట్టరాదనీ నివేదికే హెచ్చరించింది. చాలామంది ఉటంకించేది మొదటి సగాన్నే.

దూరవిద్యలో విద్యార్థి పాఠంతోను, అధ్యాపకుడితోను, తోటి విద్యార్థులతోను జరిపే మూడు రకాల సంభాషణలను విద్యావేత్త మైకేల్ మూర్ 1989లో వేరుచేసి చూపాడు. వీటిలో ఖర్చుతో కూడుకున్నది రెండవది కాబట్టే ముందుగా కోతపడేదీ అదే: వీడియో ఒకసారి తీస్తే లక్షమందికి సరిపోతుంది, జవాబుపత్రాన్ని మాత్రం ప్రతిసారీ ఎవరో ఒకరు కూర్చుని దిద్దాలి.

ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎన్‌పీటీఈఎల్‌నే తీసుకుంటే, అక్కడ ప్రతి వారం గడువుతో కూడిన అసైన్‌మెంటు ఉంటుంది. పన్నెండు వారాల కోర్సులో ఉత్తమమైన ఎనిమిదింటి సగటుకు 25 మార్కులు, కేంద్రానికి వెళ్లి రాసే పరీక్షకు 75 మార్కులు కేటాయించి, రెండింటిలోనూ విడివిడిగా కనీస మార్కులు రావాలన్న నిబంధన పెట్టారు. వారం వారం పని చేయించే ఈ ఏర్పాటు, చివరి రాత్రి చదువును చాలావరకు అరికడుతుంది. అయినా ఆ అసైన్‌మెంట్లలో ఎక్కువ భాగం యంత్రమే దిద్దే బహుళైచ్ఛిక ప్రశ్నలు కావడంతో, జవాబు తప్పని తెలుస్తుందే తప్ప తర్కం ఏ మెట్టు దగ్గర జారిందో తెలియదు. 1982లో హైదరాబాద్‌లో దేశపు తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు పుస్తకాలు పంపడంతో సరిపెట్టక అధ్యయన కేంద్రాలు, వాటిలో సంపర్క తరగతులు కూడా పెట్టారు; ఇటువంటి లోటును పూడ్చగలిగేవి అవే.

అందుచేత ఒక ఆన్‌లైన్ డిగ్రీని పరిశీలించేవారు వీడియోల నాణ్యత కంటే ముందు అడగవలసినవి వేరే ఉన్నాయి: అసైన్‌మెంటు ఎన్ని రోజుల్లో వ్యాఖ్యలతో తిరిగివస్తుంది, ఒక్కొక్క అధ్యాపకుడి కింద ఎంతమంది ఉన్నారు, మానేసినవారు ఏ వారంలో మానేశారు, వారిని ఎవరైనా పలకరించారా. ఇందులో మూడవదానికి కావలసిన లాగిన్ వివరాలు ఏ సంస్థ సర్వర్లోనైనా నమోదవుతూనే ఉంటాయి. ప్రవేశాల ప్రకటనల్లో మాత్రం అవి కనిపించవు.