మధ్యలో ఆగిన కిడ్నీ ట్రయల్: అపోహలు – వాస్తవాలు

ఐజీఏ నెఫ్రోపతీ చాపకింద నీరులాంటి జబ్బు. ఐజీఏ అనే ప్రతిరక్షకం కిడ్నీ వడపోతల్లో పేరుకుని వాపు తెస్తుంది. దీనికి స్టెరాయిడ్ పనిచేస్తుందో లేదో తేల్చడానికి 2012లో ‘టెస్టింగ్’ అనే ట్రయల్ మొదలైంది. చైనా, ఆస్ట్రేలియా, కెనడా, మలేసియాలతో పాటు మన దేశంలోని రోగులూ అందులో చేరారు. ట్రయల్ అనగానే మన ఇళ్లలో పుట్టే భయాలకు అది చాలావరకు జవాబు చెబుతుంది.

అపోహ: డమ్మీ (మందు లేని) మాత్ర వచ్చినవాళ్లకు వైద్యమే ఉండదు.

వాస్తవం: బీపీని అదుపు చేసి, మూత్రంలో ప్రొటీన్ పోకుండా చూసే మందులు అందరికీ ఇచ్చారు. స్టెరాయిడా, డమ్మీయా అన్నదొక్కటే తేడా.

అపోహ: ట్రయల్ మధ్యలో ఆపారంటే ఆ మందు పనికిరాదనే.

వాస్తవం: 262 మంది చేరాక, 2015లో కొత్తవారిని చేర్చుకోవడం ఆపేశారు. స్టెరాయిడ్ వాడినవారిలో తీవ్రమైన ఇన్ఫెక్షన్లు పెరిగాయి, ఇద్దరు చనిపోయారు. ఆ మరణాలను తేలిగ్గా తీసుకునే హక్కు ఎవరికీ లేదు. అయితే ఆ ప్రమాదాన్ని పసిగట్టింది ట్రయల్‌లోని నిఘాయే. అదే మోతాదును ఎక్కడికక్కడ చీటీ మీద రాసిస్తూ పోతే, ఈ లెక్క ఎవరు కట్టేవారు? తర్వాత ఆ స్టెరాయిడ్ అయిన మిథైల్ ప్రెడ్నిసొలోన్‌ను కిలో బరువుకు రోజుకు 0.4 మి.గ్రా.కు తగ్గించారు. ఒక రకం న్యుమోనియా రాకుండా కోట్రైమోక్సజోల్ అనే మందు జోడించి, మరో 241 మందిని చేర్చుకున్నారు. 2022లో రెండు మోతాదులవీ కలిపి ఫలితాలు వచ్చాయి. సగటున 4.2 ఏళ్లలో కిడ్నీ పనితనం 40 శాతం పడిపోవడం, కిడ్నీ విఫలమవడం, కిడ్నీ జబ్బుతో మరణించడం అన్నీ కలిపి స్టెరాయిడ్ వాడినవారిలో 28.8 శాతం, డమ్మీ వాడినవారిలో 43.1 శాతం. తీవ్ర దుష్ప్రభావాలు మాత్రం వరుసగా 10.9 శాతం, 2.8 శాతం. తగ్గించిన మోతాదులోనూ మేలు నిలిచింది, కీడు తగ్గింది.

అపోహ: ప్రొటీన్ తగ్గింది కదా, ఇంకా ఏళ్ల తరబడి చూడడం దేనికి?

వాస్తవం: స్టెరాయిడ్ వాడింది నెలలే. మొదటి ఏడాది ప్రొటీన్ బాగా తగ్గినా, తర్వాత రెండు వర్గాల మధ్య తేడా సన్నగిల్లుతూ వచ్చింది. డయాలసిస్ తప్పిందా లేదా అన్నది ఏళ్లు గడిస్తేనే తెలుస్తుంది.

అపోహ: సంతకం పెడితే ఇక బయటపడలేం.

వాస్తవం: ఎప్పుడైనా, కారణం చెప్పకుండానే తప్పుకోవచ్చు. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలని మన దేశపు 2019 క్లినికల్ ట్రయల్ నిబంధనలు చెబుతున్నాయి. ఒక్క జాగ్రత్త: స్టెరాయిడ్‌ను సొంతంగా, ఒక్కసారిగా మానేయకండి. డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి.