గోదావరి కిరుదరుల రెండు ప్రభుత్వములు



రెండు దేశముల పరిపాలనా విధానములను పోల్చి తెలుపుడని సంఘ సభ్యులు కొందఱు కోరిరి. అందులకై సముద్రములు దాటి పోనక్కఱలేదు. మన తాతలు టేకులపల్లినుండి శ్రీరామనవమికి భద్రాచలము పోవుచు, గోదావరిలో పడవ యెక్కి ఆవలిదరిని దిగినంతనే వేఱొక రాజ్యమున అడుగిడుచుండిరి. ఈవలి దరి 1948 సెప్టెంబరు వఱకు నిజాము ప్రభువు ఏలుబడిలో నుండెను. ఆవలి దరి 1860 నాటి సంధిచే ఆంగ్లేయుల వశమై, తొలుత మధ్యపరగణాలలోను, 1874 నుండి మద్రాసు రాజధానిలోను చేరియుండెను. ఇరుదరుల నున్నవాడు ఒకే కోయ. మాట ఒకటి, వియ్య మొకటి. రూపాయి మాత్రము వేఱు. ఏడు హాలీ సిక్కాలకు ఇంచుమించు ఆఱు కల్దారు రూపాయలు వచ్చుచుండెను. సరుకు దాటవలెనన్న కరోడ్‌గిరి నాకావద్ద నూటికి అయిదు వంతున సుంకము చెల్లింపవలసి యుండెను.

ఇక ప్రభుత్వముల తీరు చూతము. నిజాము రాజ్యమున ప్రభువు ఫర్మానాయే శాసనము. 1893లో శాసన సభ యొకటియు, 1919లో కార్యనిర్వాహక సభయు ఏర్పడెను గాని, సభలో ఉద్యోగులును ప్రభుత్వము నియమించిన వారునే హెచ్చు. కడపటి మాట ఫర్మానాది. కచ్చేరీ భాష ఉర్దూ. కాగితములో నేమున్నదో పట్వారీ చదివి చెప్పినదే సామాన్య రైతునకు వేదవాక్యము.

ఆవలిదరి ప్రభుత్వము వేఱు విధము. మద్రాసు గవర్నరుపై ఢిల్లీలో రాజప్రతినిధి, ఆయనపై లండను పార్లమెంటు. 1920 నుండి శాసనసభకు ఎన్నికలు జరిగెను. శిస్తు కట్టు రైతులలో కొందఱికి వోటు వచ్చెను. 1937లో ప్రజలెన్నుకొన్న పక్షము మంత్రివర్గమును నిలిపెను. దీనిని బట్టి భద్రాచలపు కోయ మనకంటె అదృష్టవంతుడని తోచవచ్చును. కాని మద్రాసులో చేసిన చట్టము మైదానమునకు వచ్చినట్లు కొండలకు వచ్చెడిది కాదు. ఏజెన్సీ ప్రాంతములు 1874 చట్టముచే వేఱుపఱుపబడెను. 1935 చట్టము తూర్పుగోదావరి ఏజెన్సీని పాక్షికముగా మినహాయించిన ప్రాంత మనెను. గవర్నరు ఉత్తరువు లేనిదే శాసనసభ చట్ట మచ్చట చెల్లదు. కలెక్టరే ఏజెంటను పేర న్యాయము కూడ చెప్పుచుండెను. ఫర్మానా యను పేరు లేదు గాని, కొండరైతునకు తేడా యంతగా తెలిసియుండదు.

దీనికి రేకపల్లి సంగతి యొక్కటి చాలును. మధ్యపరగణాల ప్రభుత్వమున అచ్చటి పోడురైతు స్వల్పమైన పన్నుతో కాలము గడుపుచుండెను. మద్రాసు క్రిందికి వచ్చిన పిమ్మట పన్ను సుమారు మూడింతలయ్యెను. కొన్ని యడవులలో పోడు నిషేధింపబడెను. రైతు కదలలేదు, కొండ కదలలేదు. పటముపై గీత మాత్రము కదలెను. 1879లో రంపలో పుట్టిన పితూరీ రేకపల్లికి ప్రాకుటకు ఇది కారణమాయెను. నిజాము రాజ్యమునను కథ ఇట్టిదే. 1940లో జోడేఘాట్‌వద్ద కుమ్రం భీము తుపాకి గుండ్లకు బలియైన పిమ్మటనే ప్రభుత్వము హైమన్‌డార్ఫ్ పండితుని రప్పించి గిరిజనుల స్థితిని విచారింపజేసెను. వోటు లేనివాని మొఱ ఇరుదరులను ఒకే విధముగా వినబడెను.

అయినను ఒక విషయమున ఆవలిదరి ముందుండెను. మన భూములకు సంబంధించినది గావున దానిని కొంత వివరింతును. 1917లో మద్రాసు ప్రభుత్వము ఏజెన్సీ వడ్డీ, భూమి బదిలీ చట్టము చేసెను. ఏజెంటు అనుమతి లేక కొండజాతివాని భూమి ఇతరునకు పోయినచో ఆ బదిలీ చెల్లదు. అప్పుపై వడ్డీకిని మితి యేర్పఱుపబడెను. నిజాము రాజ్యమున గిరిజన ప్రాంతములకు ప్రత్యేక నిబంధనలు 1946లోను, మరల 1949లోను గాని రాలేదు. నడుమ ముప్పది యేండ్ల వ్యవధి. ఆ కాలమున ఉప్పునకును బట్టకును అప్పు చేసి చేను పోగొట్టుకొన్నవాడు ఈవలిదరిని ఏ చట్టము చూపి అడుగవలెను?

రాజ్యములు కలిసినను చట్టములు వెంటనే కలియలేదు. 1956లో ఆంధ్రప్రదేశ మేర్పడెను. 1959లో భద్రాచలము ఖమ్మము జిల్లాలో చేరెను. ఆ 1959లోనే వచ్చిన భూబదిలీ నిబంధన ఆంధ్ర ప్రాంతమునకే చెల్లెను. తెలంగాణమునకు 1963 డిసెంబరు 1 నుండి గాని రాలేదు. ఒకే జిల్లా, ఒకే కలెక్టరు, నది కిరువైపుల రెండు న్యాయములు! లంబాడీ సోదరుల గతియు నట్టిదే. ఆంధ్ర ప్రాంతమున వారు షెడ్యూల్డు తెగవారు. తెలంగాణమున 1976 చట్టము వచ్చువఱకు కారు. మన తండాల పెద్దలకు ఇది చెప్పనక్కఱలేదు.

1970 నిబంధన మఱింత గట్టిది. షెడ్యూల్డు ప్రాంతమున గిరిజనేతరుడు సైతము మఱియొక గిరిజనేతరునకు భూమి అమ్మరాదు. సుప్రీముకోర్టు 1988లో దీనిని సమర్థించెను. ఇవి శాసనసభ చేసిన చట్టములు కావు. రాజ్యాంగపు అయిదవ షెడ్యూలు ననుసరించి గవర్నరు చేసిన నిబంధనలు. నాడు కొండరైతును శాసనసభకు దూరము చేసిన యధికారమే నేడు వాని చేనికి కంచెయైనది. ఈ మార్పు నాకు మిక్కిలి వింతగా తోచును.

2014లో భద్రాచలము పట్టణము తెలంగాణములో నిలిచి, చుట్టునున్న పల్లెలు ఆంధ్రప్రదేశములోనికి పోయినవి. గీత మరల కదలెను గాని, ఈ మాఱు ఇరువైపుల నిబంధన యొక్కటియే. అందు సహకార సంఘములకు సంబంధించిన మాట యొకటి కలదు. షెడ్యూల్డు ప్రాంతపు భూమిని గిరిజనునకు గాని, గిరిజనులే సభ్యులుగా గల రిజిష్టరైన సహకార సంఘమునకు గాని బదిలీ చేయవచ్చును. ఇతర సభ్యులొక్కరున్నను ఆ సంఘ మీ మినహాయింపునకు రాదు.