వాహనాల తుంపర శీతలీకరణ

గోల్ఫు బండ్లు, మోటారు సైకిళ్ళు వంటి తెరచి ఉండే వాహనాలలో సన్నని నీటి తుంపరతో గాలిని చల్లబరచే పద్ధతిని తుంపర శీతలీకరణ అంటారు. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 కిలోజౌళ్ళ ఉష్ణాన్ని గ్రహిస్తుంది. అందువలన అమెరికాలోని అరిజోనా వంటి పొడి ప్రాంతాలలో ఇది బాగా పనిచేస్తుంది. తేమ అధికంగా ఉండే తీరప్రాంతాలలో ప్రయోజనం స్వల్పం.

అమరిక

నీటి తొట్టి, వడపోత, 12 వోల్టుల పంపు, గొట్టము, నాజిళ్ళు ఇందులోని ముఖ్య భాగాలు. విద్యుత్ గోల్ఫు బండ్లు సాధారణంగా 36 లేదా 48 వోల్టులపై నడుస్తాయి. పంపును ఒక్క బ్యాటరీకే కలిపితే అది మిగిలినవాటి కంటే ముందుగా క్షీణిస్తుంది. కనుక వోల్టేజి తగ్గించే పరికరాన్ని బ్యాటరీలన్నిటికీ కలిపి అమర్చాలి. మోటారు సైకిలుపై తుంపర హెల్మెట్ అద్దాన్ని కప్పివేయకుండా నాజిల్‌ను ఛాతీ వైపు తిప్పాలి.

జాగ్రత్తలు

నిలువ నీటిలో పెరిగే లెజియొనెల్లా బాక్టీరియా తుంపర ద్వారా ఊపిరితిత్తులలో చేరి న్యుమోనియా కలిగించవచ్చు. వాడకం ముగిసిన తరువాత తొట్టిని ఖాళీ చేసి ఆరబెట్టాలి.