పట్టు లంగా వెనకాల పదేళ్ల ఫైలు

డబ్లిన్‌లో ఉన్న మనవరాలికి అమ్మమ్మ పట్టు లంగా కుట్టించి పార్సిల్ చేస్తే యూరప్ చట్టానికి దాంతో పని లేదు. అదే లంగాను హైదరాబాద్‌లోని ఒక బొటిక్ తన వెబ్‌సైట్‌లో యూరోల్లో ధర వేసి, ఐర్లాండ్‌కు పంపుతామని చెప్పి అమ్మకానికి పెడితే లెక్క మారిపోతుంది. ఆ లంగాకు ఒక ఫైలు ఉండాలి. లంగా మార్కెట్లోకి వెళ్లాక 10 ఏళ్లపాటు ఆ ఫైలును దాచి ఉంచాలి.

ఈ ఫైలు అడుగుతున్నది యూరోపియన్ యూనియన్ సాధారణ ఉత్పత్తుల భద్రతా నిబంధన. నంబరు 2023/988. ఎగుమతిదారుల నోట జీపీఎస్‌ఆర్. 2023 మేలో ఆమోదం పొంది, 2024 డిసెంబర్ 13 నుంచి 27 దేశాల్లో అమలవుతోంది. ఉత్తర ఐర్లాండ్‌కూ వర్తిస్తుంది కాబట్టి లండన్‌కు పంపే లంగాకు అక్కర్లేని ఫైలు బెల్‌ఫాస్ట్‌కు పంపేదానికి కావాలి. అంతకు ముందున్న 2001 నాటి ఆదేశాన్ని ఏ దేశానికాదేశం తన చట్టంలో కలుపుకునేది. ఇప్పుడు అన్ని చోట్లా ఒకటే పాఠం. ఆహారం, మందుల వంటివి దీని పరిధిలో లేవు. బట్టలు, సంచులు, కొవ్వొత్తులు, కుర్చీలు, ఇలా విడిగా భద్రతా చట్టం లేని వస్తువులు చాలావరకు దీని కిందికే వస్తాయి.

ప్రమాదకర వస్తువులపై యూరప్ దేశాలు ఒకదానికొకటి హెచ్చరికలు పంపుకునే సేఫ్టీ గేట్ వ్యవస్థలో 2023లో 3,412 హెచ్చరికలు నమోదైతే, 2024లో 4,137 వచ్చాయి. 2003లో ఆ వ్యవస్థ మొదలైనప్పటి నుంచి అప్పటివరకు ఇంత ఎక్కువ ఎన్నడూ లేదు. ఏడాదిలో సరుకు అంతగా పాడైపోయిందని అనుకోనక్కర్లేదు, వెతికేవాళ్లు పెరిగితే దొరికేవీ పెరుగుతాయి. 2024 హెచ్చరికల్లో సౌందర్య సాధనాలే 36 శాతం, ఆటబొమ్మలు 15 శాతం. బట్టలు ఆ జాబితా మొదట్లో లేవు. అయినా ఫైలు బాధ్యత వాటికి తప్పలేదు.

ఇంతకీ ఆ ఫైల్లో ఏముండాలి? వస్తువు వర్ణన, దాని భద్రతను అంచనా వేయడానికి పనికొచ్చే ముఖ్య లక్షణాలు కనీసం ఉండాలి. ముప్పును బట్టి ఇంకా కొన్ని: ఎలాంటి హాని జరగొచ్చో విశ్లేషణ, దాన్ని తప్పించడానికి ఏం చేశారు, పరీక్షల ఫలితాలు, పాటించిన ప్రమాణాల పట్టిక. తయారీదారు తనంతట తానుగా ముప్పు విశ్లేషణ చేసుకోవడం మాత్రం చిన్న వస్తువుకైనా పెద్ద వస్తువుకైనా తప్పనిసరి.

లంగా మీదున్న జాకెట్టునే చూద్దాం. అయిదేళ్ల పాపకు కుట్టింది. వీపున మెడ దగ్గర ముడి వేసే రెండు తాళ్లు, వాటి చివర కుచ్చులు, కుచ్చులకు పూసలు. మన దర్జీకి అది అందం. యూరప్‌లో పిల్లల బట్టల తాళ్లకు ఈఎన్ 14682 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం 7 ఏళ్ల లోపు పిల్లల బట్టలకు, అంటే 134 సెంటీమీటర్ల ఎత్తు వరకు, తల దగ్గరగానీ మెడ దగ్గరగానీ తాళ్లు ఉండకూడదు. జారుడుబల్ల మీదో బస్సు తలుపులోనో తాడు చిక్కుకుంటే మెడకు ఉరి పడుతుందన్నది కారణం. తాళ్లు తీసేసి హుక్కులు పెట్టారనుకోండి, ఆ ముప్పు పోయింది. కానీ చట్టం దృష్టిలో పని సగమే అయింది. ఈ డిజైన్‌లో మెడ దగ్గర తాళ్లు వచ్చేవి, ఉరి ముప్పు వల్ల హుక్కులకు మారాం, ఫలానా ప్రమాణం చూశాం అని తేదీతో సహా రాసి పెట్టాలి. పూసల సంగతీ అంతే. లాగితే ఊడతాయా, ఊడితే పాప నోట్లో పెట్టుకుంటుందా అన్నది విశ్లేషణలో ఒక వరుస.

తర్వాత రంగులు. యూరప్ రసాయనాల చట్టం రీచ్ ప్రకారం చర్మానికి తగిలే బట్టలో కొన్ని అజో రంగుల నుంచి పుట్టే 22 ఆరోమాటిక్ అమీన్లలో ఏదీ కిలోకు 30 మిల్లీగ్రాములు దాటకూడదు. జాకెట్టుకు లోహపు జిప్పు పెడితే దాని నుంచి విడుదలయ్యే నికెల్ వారానికి చదరపు సెంటీమీటరుకు 0.5 మైక్రోగ్రాములు మించకూడదు. ఈ పరిమితులు కొత్తవి కావు, జీపీఎస్‌ఆర్ కంటే ముందే ఉన్నాయి. అప్పట్లో బయ్యర్ అడిగితే ల్యాబ్ రిపోర్టు తీసి చూపించేవాళ్లు. ఆ రిపోర్టు ఏ డిజైన్‌ది, ఏ రంగు లాట్‌ది అని ఇప్పుడు ఫైల్లో ముడిపెట్టాలి. ఎరుపు రంగుకు తీసిన రిపోర్టు పసుపు లంగాకు పనికిరాదు.

‘జీపీఎస్‌ఆర్ సర్టిఫికెట్’ ఇప్పిస్తామని ఎవరైనా అంటే డబ్బు కట్టేముందు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. అలాంటి సర్టిఫికెట్ ఆ చట్టంలో ఎక్కడా లేదు. మామూలు బట్టల మీద సీఈ ముద్ర వేయడం కూడా తప్పే. ల్యాబ్ నంబరు ఇస్తుంది. ఆ నంబరును బట్టి తయారీదారు ఏం ఆలోచించాడో, ఏం మార్చాడో చెప్పేది ఫైలు. ఈ తేడా తెలియక రిపోర్టుల కట్టనే ఫైలు అనుకునేవాళ్లు చాలామంది ఉంటారు.

తయారీదారు అంటే మగ్గం మీద నేసినవారో మిషన్ మీద కుట్టినవారో కానక్కర్లేదు. బయట చేయించి సొంత పేరుతో అమ్మినా బొటిక్కే తయారీదారు. జర్మనీ దిగుమతిదారు తన బ్రాండ్ ట్యాగ్ కుట్టి అమ్మితే ఆ బాధ్యత అతనిది. అయినా వివరాల కోసం మళ్లీ హైదరాబాద్‌కే మెయిల్ వస్తుంది, అతనికి అవి ఇంకెక్కడా దొరకవు.

ఫైలు ఒక్కటే 10 ఏళ్లు. సరుకు ఎవరి దగ్గర కొన్నారు, ఎవరికి అమ్మారు అన్న వివరాలు 6 ఏళ్లు దొరకాలి. వస్తువు మీద లాట్ నంబరు, తయారీదారు పేరు, పోస్టల్ అడ్రసు, ఈమెయిల్ ఉండాలి. యూరప్ బయటి తయారీదారుకైతే యూనియన్‌లో ఒక బాధ్యుడు కూడా కావాలి. అతను పేరు అద్దెకిచ్చి ఊరుకునే మనిషి కాదు, ఫైలు ఉందో లేదో చూడాల్సినవాడు. ఆన్‌లైన్‌లో అమ్మితే ఈ పేర్లు, అడ్రసులు, వస్తువు ఫొటో, హెచ్చరికలు కొనకముందే పేజీలో కనిపించాలి. హెచ్చరికలు అక్కడి భాషలో ఉండాలి. జర్మనీకి జర్మన్, ఫ్రాన్స్‌కు ఫ్రెంచ్. ప్రమాదకర వస్తువును తీసేయమని అధికారులు ఆదేశిస్తే ఆన్‌లైన్ మార్కెట్‌కు ఉన్న గడువు 2 పనిదినాలే.

మన దగ్గర ఇలా అన్ని వస్తువులకూ ఒకే ఫైలు అడిగే పద్ధతి లేదు. వస్తువును బట్టి ఉత్తర్వులొస్తాయి. 2021 జనవరి నుంచి ఆటబొమ్మలకు ఐఎస్‌ఐ ముద్ర తప్పనిసరి చేసి, నమోదైన హస్తకళాకారులకు మినహాయింపు ఇచ్చారు. యూరప్ నిబంధనలో చేతివృత్తులకు అలాంటి మినహాయింపు లేదు.

ఖర్చు లెక్క చిన్నవాళ్లకు ఎక్కడ తగులుతుందో ఒక ఊహా లెక్కలో చూడొచ్చు. పరీక్షలు, బాధ్యుడి ఫీజు, కాగితాల పని అన్నీ కలిపి ఏడాదికి 60,000 రూపాయలు అనుకుందాం. 2,000 లంగాలు పంపేవాడికి ఒక్కోదాని మీద పడేది 30 రూపాయలు. 40 పంపే బొటిక్‌కు 1,500. వేరే దేశాల్లోని చిన్న అమ్మకందారులు కొందరు యూరప్‌కు పంపడమే మానేయడానికి ఈ భాగహారమే కారణం.

మానేయకుండా నెట్టుకురావాలంటే డిజైన్ల సంఖ్య కంటే కుట్టు పద్ధతుల సంఖ్య తగ్గించుకోవడం మేలు. అంచు, బుటా మారినా కుట్టు, హుక్కు, లైనింగ్ మారని పది లంగాలకు ముప్పు విశ్లేషణ ఒక్కసారి రాస్తే చాలు, రంగుల రిపోర్టులు మాత్రం వేటికవే జత చేయాలి. పదకొండో లంగా జాకెట్టుకు ఎవరో ముచ్చటపడి మళ్లీ కుచ్చుల తాళ్లు పెట్టమంటే అది కొత్త వస్తువు కింద లెక్క. అయిదేళ్ల పాప కొలతకైతే అసలు పంపకూడదు.