వార్తల్లో పదం: పండోరా

గ్రీకు పురాణంలో పండోరాది తెరవకూడని జాడీ. అదే పేరున్న ఓ చేతి కంప్యూటర్ మాత్రం తెరిచి చూసుకోమంటుంది. దక్షిణ కొరియా గేమ్ యంత్రం జీపీ2ఎక్స్ అభిమానులు దీన్ని రూపొందించారు. ముందస్తు బుకింగులు 2008లో మొదలైనా, యంత్రాలు కొన్నవారి చేతికి అందడం మొదలైంది 2010లోనే. 4.3 అంగుళాల టచ్ తెర, బుల్లి కీబోర్డు, ఆటల మీటలు, రెండు ఎస్‌డీ కార్డు స్లాట్లు దీని హంగులు.

లోపల నడిచేది ఓపెన్ సోర్స్ లినక్స్. అందుకే ఎవరైనా ఆటలు, ప్రోగ్రాములు రాసి ఎక్కించుకోవచ్చు. కంపెనీ అనుమతి అక్కర్లేదు. గ్రాఫిక్స్ చిప్ డ్రైవర్ కోడ్ మాత్రం గుట్టుగా ఉండిపోయింది. పురాణంలో పండోరా కూతురు పిర్రా. ఈ యంత్రానికి వారసురాలిగా వచ్చిన చేతి కంప్యూటర్ పేరూ అదే: పైరా.