గోదాములలో ఫోర్క్‌లిఫ్ట్‌ల భద్రత, ఉత్పాదకత: వాహన సమూహ నిర్వహణ సాంకేతికత

ధాన్యం, పప్పుధాన్యాలు, మిర్చి, విత్తనాలు నిల్వచేసే గోదాములలో హమాలీలు బస్తాలను మోయడం మన ప్రాంతంలో చిరకాలంగా ఉన్న పద్ధతి. ప్యాలెట్లపై సరుకు నిల్వచేసే చోట ఈ భారాన్ని ఫోర్క్‌లిఫ్ట్ తగ్గిస్తుంది. అయితే ఇరుకైన నడవలో యంత్రం, మనిషి కలిసి తిరిగినప్పుడు చిన్న పొరపాటు కూడా ప్రాణాంతకం కాగలదు.

బోల్తాకు మూలకారణం

సాధారణ ఫోర్క్‌లిఫ్ట్‌కు రెండు ముందు చక్రాలు, వెనుక ఇరుసు మధ్యబిందువు ఆధారాలు. ఈ మూడింటిని కలిపే త్రిభుజం వెలుపలికి గురుత్వకేంద్రం జరిగితే వాహనం ఒరిగిపోతుంది. ఉదాహరణకు, 500 మి.మీ. భారకేంద్రం వద్ద 1,500 కిలోల సామర్థ్యం గల వాహనంలో ముందు ఇరుసు నుండి ఫోర్కుల నిలువు ముఖానికి 400 మి.మీ. దూరం ఉందనుకుందాం. ప్యాలెట్ పొడవు పెరిగి భారకేంద్రం 700 మి.మీ.కు జరిగితే, 1,500 × 900 ÷ 1,100 లెక్కన సామర్థ్యం సుమారు 1,227 కిలోలకు పడిపోతుంది. అంటే 50 కిలోల బస్తాలు 30కి బదులు 24 మాత్రమే ఎత్తాలి. ఇది అవగాహనకు ఇచ్చిన లెక్క మాత్రమే. ఆచరణలో తయారీదారు పట్టికనే అనుసరించాలి.

పరికరాల పనితీరు

వాహనానికి అమర్చిన టెలిమాటిక్స్ పరికరం నాలుగు ముఖ్యమైన పనులు చేస్తుంది.

1. శిక్షణ పొందిన చోదకుని కార్డు లేదా రహస్య సంఖ్య ఉంటేనే వాహనం కదులుతుంది.
2. బ్రేకులు, హారన్, ఫోర్కులు, గొలుసులు, టైర్ల తనిఖీ పట్టిక పూరించే వరకు వాహనాన్ని నిలిపి ఉంచవచ్చు. అమెరికాలో వినియోగానికి ముందు రోజువారీ తనిఖీ చట్టబద్ధ నిబంధన.
3. త్వరణ సంవేదిక తాకిడి తీవ్రతను, సమయాన్ని నమోదు చేస్తుంది.
4. నడక దారులలో వేగాన్ని పరిమితం చేసే ఏర్పాటు కొన్ని వాహనాలలో ఉంటుంది.

ఒకే మలుపు వద్ద వేర్వేరు చోదకుల తాకిడులు పదేపదే నమోదైతే లోపం బహుశా చోదకునిది కాదు. వెలుతురు, నేల, బస్తాల అమరికలను పరిశీలించాలి. సమాచారాన్ని శిక్షించడానికే వాడితే సిబ్బంది ప్రమాదాలను దాచిపెడతారు.

ఉత్పాదకత అంచనా

తాళం వేసి ఉన్న సమయం, ప్రయాణించిన సమయం, బరువు ఎత్తిన సమయం వేర్వేరుగా తెలియడం ఇందులోని ప్రధాన ప్రయోజనం. 8 గంటలలో 3 గంటలే బరువు ఎత్తితే, మిగిలిన 5 గంటలు లారీల రాకకై వేచి ఉండటంలో గడిచాయా, ఖాళీ ప్రయాణంలో గడిచాయా అన్నది తేల్చాలి. సగటును మాత్రమే చూసి వాహనాలను తగ్గిస్తే సరుకు వచ్చే కాలంలో లారీలు బారులు తీరుతాయి. అసలు పనిగంటల ఆధారంగా సర్వీసింగ్ చేయిస్తే అనవసర వ్యయం, ఆకస్మిక మరమ్మతులు రెండూ తగ్గుతాయి.

వ్యవసాయ గోదాములలో ప్రత్యేక జాగ్రత్త

కీటక నివారణకు వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ నుండి వెలువడే ఫాస్ఫీన్ వాయువు రాగిని, తేమ ఉన్నచోట మరింతగా, క్షయం చేస్తుంది. ధూపనానికి ముందు వాహనాలను, వాటి ఎలక్ట్రానిక్ పరికరాలను బయటకు తరలించాలి. లెడ్-ఆసిడ్ బ్యాటరీలు చార్జింగ్‌లో హైడ్రోజన్‌ను విడుదల చేస్తాయి కనుక, ఆ గదికి గాలి ప్రసరణ అవసరం.

ముగింపు

ఈ సాంకేతికత శిక్షణకు ప్రత్యామ్నాయం కాదు. ముందుగా నడక దారులను, వాహన దారులను వేరుచేసి, అధిక బరువు ఎత్తే అలవాటు మాన్పించి, ఆపై పరికరాలను అమర్చడం శ్రేయస్కరం. విస్తరణ శాస్త్రవేత్తలు గోదాము నిర్వాహకులకు ఈ క్రమాన్నే సూచించాలి.